పంటల పూర్వీకులు – 9: చెనక్కాయ వంశావళి

గత భాగంలో చెప్పుకున్న ఉలవ దక్షిణాదిలోనే పుట్టి పెరిగిన పంట. బూడిద దిబ్బలు మిగిల్చిపోయిన కొత్తరాతియుగపు పశువుల కాపరుల కాలం నుంచీ అది మనదే. ఈసారి వంతు పరాయి పంటది. అయినా అనంతపురం పేరెత్తగానే ముందు గుర్తొచ్చేది ఈ పరాయిదే. కొర్రలు, జొన్నలు, ఆరికలు, ఉలవలు పండిన ఎర్రనేలల్లోకి చెనక్కాయ 1960ల తర్వాత జోరుగా చొరబడింది. ఒక దశలో ఏడు లక్షల హెక్టార్లు దాటిపోయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే జిల్లా, దేశంలోనే అతి పెద్ద వేరుశనగ జిల్లా అయి కూర్చుంది.

ఈ పంట చరిత్ర ఎవరు రాసినా పోర్చుగీసు ఓడలు, మార్సెయ్ నూనె మిల్లులు, 1986 నాటి నూనెగింజల టెక్నాలజీ మిషన్ దగ్గర మొదలుపెడతారు. అవన్నీ ముందు ముందు వస్తాయి. వాటికంటే ముందు చదవాల్సిన దస్తావేజు ఒకటి గింజలోనే ఉంది. దాన్ని చదవగలిగి పట్టుమని పదేళ్లు దాటిందంతే. అందులో తేలిన విషయం నా మట్టుకు నాకు కాస్త గుబులు పుట్టించింది. లక్షల హెక్టార్లలో పరుచుకున్న ఆ పచ్చదనమంతా ఒకానొక రోజు, ఒకానొక పువ్వులో జరిగిన ఒకే ఒక్క సంకరం సంతానం.

చెనక్కాయ చెట్టు తీరు తెలియకపోతే ఆ సంకరం ఎంత అరుదైనదో అర్థం కాదు. విత్తిన నెల రోజులకు పసుపుపచ్చ పూలు మొదలవుతాయి. తెల్లవారేసరికి విచ్చుకుని ఎండెక్కాక వాడిపోతాయి. పువ్వు పూర్తిగా విచ్చుకునేలోపే పుప్పొడి దాని కీలాగ్రాన్ని అంటుకుని ఉంటుంది కాబట్టి తేనెటీగకు అక్కడ పెద్దగా పని ఉండదు. వాడిన పువ్వు అడుగు నుంచి ఊడ బయల్దేరుతుంది. నేలవైపు వంగి, మట్టిలోకి దిగి, రెండు మూడు అంగుళాల లోతున అడ్డం తిరిగి కాయగా ఊరుతుంది. సరిగ్గా ఆ ఊడలు దిగే వేళకే వాన మొహం చాటేస్తే నేల బిగుసుకుపోతుంది. ఊడ పైనే ఎండిపోతుంది, దిగినా కాయ లొట్టగా మిగులుతుంది. ఆగస్టులో అనంతపురం రైతు ఆకాశం వైపు చూసే చూపుకు కారణం ఇదే.

తనలో తానే ఫలించడం, కాయను మట్టిలో దాచుకోవడం: ఈ రెండు అలవాట్లూ గుర్తుంటే మిగతా కథ అంతా దానంతటదే విప్పుకుంటుంది. మొదటి అలవాటు వల్ల వేరే మొక్కతో కలవడం అపురూపం. రెండో అలవాటు వల్ల గింజ తల్లిచెట్టు కిందే ఉండిపోతుంది. గాలి మోసుకుపోదు, పిట్ట ఎత్తుకుపోదు. వాగు పొర్లి మట్టితో పాటు కొట్టుకుపోతే తప్ప వేరుశనగ జాతి మొక్కలు తమంత తాము ఏడాదికి ఒక అడుగో రెండడుగులో జరుగుతాయి.

శాస్త్రవేత్తలను చాలాకాలం తికమక పెట్టిన చిక్కు ఇంకొకటుంది. దక్షిణ అమెరికాలో పెరిగే అడవి వేరుశనగల్లో చాలావాటికి 20 క్రోమోజోములు. మనం పండించేదానికి 40. అంటే ఎక్కడో రెండు జాతులు కలిసి, రెండింటి సరంజామా మొత్తం ఒకే గింజలో చేరి ఉండాలి. ఇక గుత్తి రకాలు, తీగ రకాలు, ఎర్ర గింజ, తెల్ల గింజ, రెండు గింజల కాయ, నాలుగు గింజల కాయ అంటూ పైకి ఇంత వైవిధ్యం కనిపిస్తుంటే, 1990ల మొదట్లో అప్పటికున్న డీఎన్ఏ పరీక్షలతో వెతికిన వాళ్లకు ఆ రకాల మధ్య తేడాయే దొరకలేదు. అడవి జాతుల్లో మాత్రం కుప్పలుగా దొరికింది. 1996లో కోషెర్ట్ బృందం తల్లిదండ్రుల్ని గుర్తించింది: అరాకిస్ దురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్. తల్లి దురానెన్సిస్. పత్రహరితాన్ని మోసే క్లోరోప్లాస్టు తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి ఆ సంగతి తెలిసింది.

రెండు డీఎన్ఏలను పక్కపక్కన పెట్టి చుట్టరికం ఎలా తేలుస్తారు? కైఫియత్తులు చూసిన వాళ్లకు ఈ పని కొత్తగా తోచదు. దత్తమండలం కంపెనీ చేతికి వచ్చాక కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గరి కవిలెల్ని నకలు రాయించారు. ఒకే ఊరి కైఫియత్తుకు రెండు నకళ్లు దొరికితే పరిష్కర్త ముందు వెతికేది తప్పుల్ని. రెండింట్లోనూ ఒకే చోట ఒకే అక్షరం జారిపోయి ఉంటే అవి ఒకే మాతృక నుంచి పుట్టినవి. తప్పులు ఎంత వేరుగా ఉంటే అవి విడిపోయి అంత కాలమైందన్న మాట. కణం విభజన చెందిన ప్రతిసారీ డీఎన్ఏకు నకలు తయారవుతుంది. ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాల రాతలో కోట్లకొక చోట పొరపాటు దొర్లుతుంది. మొక్కకు మేలూ కీడూ చేయని పొరపాట్లు దిద్దుబాటు లేకుండా తరం నుంచి తరానికి పేరుకుంటూ పోతాయి. ఏటా సగటున ఎన్ని పేరుకుంటాయో అంచనా ఉంటే విడిపోయిన కాలాన్ని లెక్కకట్టొచ్చు. ఆ అంచనాలోనే కొంత అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఇలా వచ్చే తేదీలను శాసనాల్లోని శక సంవత్సరాల్లా తీసుకోకూడదు.

2016లో ఆ చదువు పూర్తయింది. డేవిడ్ బెర్టియోలి నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం రెండు అడవి తల్లిదండ్రుల జీనోమ్‌లనూ నేచర్ జెనెటిక్స్ పత్రికలో అచ్చువేసింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అందులో భాగస్వామి. రాజీవ్ వార్ష్నేయ బృందం అక్కడ్నుంచే పనిచేసింది. తల్లీ తండ్రీ జాతులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి సుమారు 21 లక్షల ఏళ్లయిందని లెక్క తేలింది. అంతవరకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యం ఇపాయెన్సిస్ దగ్గర ఎదురైంది. సాగు వేరుశనగలో తండ్రి వైపు సగాన్ని, బొలీవియా నుంచి తెచ్చిన ఆ అడవి మొక్కతో పోల్చితే 99.96 శాతం ఒక్కటే. పదివేల అక్షరాలకు నాలుగంటే నాలుగే తేడాలు. దూరపు చుట్టాల మధ్య ఇంత పోలిక ఉండదు. ఆ సంకరం జరిగిన తోటలోని ఇపాయెన్సిస్ మొక్కల వంశమే, ఇన్ని వేల ఏళ్ల తర్వాత, మళ్లీ మనుషుల చేతికి చిక్కింది.

అది చిక్కిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. దక్షిణ బొలీవియాలో విల్యామాంటెస్ ప్రాంతంలో, ఇపా అనే ఊరి దగ్గర, 1970లలో ఆంటోనియో క్రాపోవికాస్, వాల్టన్ గ్రెగరీ తదితరులు దాన్ని సేకరించారు. ప్రకృతిలో అది దొరికింది ఆ ఒక్క ప్రాంతంలోనే. దాని దగ్గరి బంధువులంతా వందల కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నారు. ఏడాదికి అడుగు చొప్పున కదిలే జాతి అంత దూరం ఎలా వచ్చింది? మనుషులు తెచ్చారు. వేటాడుతూ, ఏరుకు తింటూ, అక్కడక్కడ నాటుకుంటూ తిరిగిన జనం ఉత్తరాది గింజల్ని దక్షిణాన దురానెన్సిస్ ఉన్న చోటికి చేర్చారు. రెండూ పక్కపక్కన పెరిగాయి. తొమ్మిది పది వేల ఏళ్ల కిందట ఒక తేనెటీగ ఆ పూటకు దారి తప్పి ఇపాయెన్సిస్ పుప్పొడిని దురానెన్సిస్ పువ్వు మీద రాల్చింది. పుట్టిన సంకరంలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపై, 20 కాస్తా 40 అయింది.

ఈ రెట్టింపే వరం, శాపం కూడా. మామూలుగా ఇలాంటి సంకరానికి గింజ పట్టదు. సంఖ్య రెట్టింపు కావడంతో ఇది పండింది, బలంగా పెరిగింది, మనుషుల కంటపడి నిలిచింది. అదే సమయంలో 20 క్రోమోజోముల అడవి చుట్టాలతో దారి మూసుకుపోయింది. 40 దానితో 20 దాన్ని కలిపితే పుట్టేది 30 క్రోమోజోముల గొడ్డు మొక్క. అప్పటి నుంచి కరువుకు ఓర్చే గుణమో, తెగులుకు ఎదురు నిలిచే గుణమో అడవి జాతుల్లో ఎంత ఉన్నా సాగు పంటలోకి సొంతంగా వచ్చే వీల్లేకపోయింది. ఉత్తర పెరూలోని న్యాంచోక్ లోయలో సుమారు 8,500 ఏళ్ల నాటి వేరుశనగ పొట్టు దొరికింది. అడవి వేరుశనగ పెరగని చోటది. అంటే మనుషులు దీన్ని అంత తొందరగానే భుజాన వేసుకుని నడిచారు. పెరూలోనే సిపాన్ ప్రభువు సమాధిలో బంగారు, వెండి వేరుశనగ కాయల హారం బయటపడింది. కాయ మీది గీతలు, నడుమ నొక్కు సహా మలిచారు. మన దగ్గర ఈ పంటకు ఇంతటి గౌరవం ఎన్నడూ దక్కలేదు, మార్కెట్ యార్డుల్లో తూకం దగ్గర పేచీలు తప్ప.

ఒక్క మొక్క సంతానమైతే మరి అన్ని రంగులు, అన్ని ఆకారాలు ఎక్కడివి? దీనికి జవాబు 2019లో వచ్చింది. ఆ ఏడాది సాగు వేరుశనగ పూర్తి జీనోమ్‌ను అమెరికా రకం టిఫ్‌రన్నర్ మీద ఒక బృందం, చైనా రకాల మీద వేరే బృందాలు చదివి ప్రచురించాయి. మొత్తం సుమారు 270 కోట్ల అక్షరాలు, మనిషి జీనోమ్‌కు కొంచెమే తక్కువ. బెర్టియోలి బృందం ఇంకో పని చేసింది. ఆ రెండు అడవి జాతులనూ కలిపి, క్రోమోజోములను రెట్టింపు చేసి, వేల ఏళ్ల నాటి ఆ సంకరాన్ని గ్రీన్‌హౌసులో మళ్లీ పుట్టించింది. ఒకే మొక్క నుంచి తనలో తానే ఫలించి వచ్చిన సంతానం కాబట్టి అన్నీ ఒకేలా ఉండాలి. కొన్ని తరాలు గడిచేసరికి పూల రంగుల్లోనే తేడాలు వచ్చాయి. తల్లి సగానికీ తండ్రి సగానికీ మధ్య ముక్కల మార్పిడి జరుగుతోంది. ఒకచోట తల్లి పాఠం చెరిగి తండ్రి పాఠం రెండుసార్లు పడుతుంది, ఇంకోచోట అటుది ఇటు. బయటి నుంచి కొత్త సరుకు రాకపోయినా ఉన్నదాన్నే అటూ ఇటూ మార్చుకుంటూ ఈ పంట తన వైవిధ్యాన్ని తానే పుట్టించుకుంది. మన పొరుగున ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు జీనోమ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే చిన్న డీఎన్ఏ ముక్కల్ని వేరుశనగలో పట్టుకుని, ఇలాంటి మార్పుల్లో వాటి హస్తాన్ని కూడా చూపించారు. గుత్తి రకాల సంకరంలో తీగ మొక్క ఎలా పుట్టిందన్న ప్రశ్న వాళ్లను అటు నడిపించింది.

ప్రతి జన్యువుకూ తల్లి వైపు ప్రతి ఒకటి, తండ్రి వైపు ప్రతి ఒకటి ఉంటే ఏమవుతుందో నూనెలో చూడొచ్చు. ఓలిక్ ఆమ్లాన్ని లినోలిక్‌గా మార్చే ఎంజైమును తయారుచేసే జన్యువు పేరు ఫ్యాడ్2. లినోలిక్ ఎక్కువైతే నూనె, గింజ త్వరగా పాడై వాసన కొడతాయి. 1987లో ఫ్లోరిడాలో ఓలిక్ 80 శాతం దాకా ఉన్న మొక్క ఒకటి బయటపడింది. తర్వాత చదివి చూస్తే తల్లి వైపు ప్రతిలో 448వ అక్షరం జి పోయి ఎ పడింది. తండ్రి వైపు ప్రతిలో 441వ అక్షరం తర్వాత ఒక ఎ అదనంగా చొరబడి, అక్కడి నుంచి పాఠమంతా తలకిందులైంది. రెండూ చెడితేనే ఫలితం. మొదటి తప్పు మాత్రమే ఉన్న రకాలు ప్రపంచంలో బోలెడు ఉన్నాయి, ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే రెండో ప్రతి పని నడిపించేసింది. ఈ రెండు తప్పుల్నీ అమెరికా రకం సన్‌ఓలిక్ 95ఆర్ నుంచి తెచ్చి ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు తీశాయి. 2020లో దేశానికి అందిన పోషక రకాల జాబితాలో అవి ఉన్నాయి.

ఇక అనంతపురానికి వద్దాం. అసలే ఇరుకైన వంశం. అందులోంచి మన జిల్లాకు దక్కింది ఇంకా ఇరుకైన పాయ. తిండివనం కేంద్రం గుడియాత్తం బంచ్ నుంచి ఏరి 1940లో విడుదల చేసిన టీఎంవీ-2 దశాబ్దాల తరబడి ఈ నేలను ఏలింది. ఆ తర్వాత జల్గావ్ నుంచి జేఎల్-24. రైతు పాత రకాన్ని పట్టుకుని వేలాడాడని అధికారులు విసుక్కునేవారు. వేరుశనగ విత్తనం సంగతి తెలిస్తే ఆ విసుగు నిలవదు. ఎకరాకు యాభై అరవై కిలోల గింజ కావాలి. ఒక బస్తా వేస్తే మంచి ఏడాదిలోనే పది బస్తాలు వస్తే గొప్ప. కరువు ఏడాదిలో విత్తనం కూడా తిరిగి రాదు. వరి, జొన్నల్లా కొత్త రకం గుప్పెడు తెచ్చి రెండేళ్లలో ఊరంతా పంచడం కుదరదు. సర్కారు సబ్సిడీ కాయల కోసం మే, జూన్ నెలల్లో వరసలో నిలబడి, ఏది ఇస్తే అది తెచ్చుకుని ముంగారు పదునులో వేయడమే మిగిలింది. కదిరి పరిశోధన కేంద్రం (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది) 2005లో ఇచ్చిన కదిరి-6 వచ్చాక టీఎంవీ-2 వెనక్కి తగ్గింది. కదిరి-6 తల్లిదండ్రుల్లో ఒకటి మళ్లీ ఆ జేఎల్-24నే.

ఇంత దగ్గర బంధువులు ఇన్ని లక్షల ఎకరాల్లో ఒకేసారి నిలబడితే ఏం జరగొచ్చో 2000 ఖరీఫ్‌లో జరిగింది. లేత కొమ్మల చివర్లు మాడి, కాండం మీద నల్లటి చారలు పడి చెట్లు నిలువునా చచ్చిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. కారణం పొగాకు చార వైరస్ అని ఇక్రిశాట్ వాళ్లు తేల్చారు. బీళ్లలో, గట్ల మీద విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ దాక్కుంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని వేరుశనగ ఆకుల మీదికి మోసి, గీకిన గాయాల్లోంచి లోపలికి ఎక్కిస్తాయి. వయ్యారిభామ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. సాగు రకాల్లో దీన్ని గట్టిగా తట్టుకునేది దొరకలేదు. అడవి జాతుల్ని పరీక్షిస్తే కొన్ని తట్టుకున్నాయి, వాటిలో దురానెన్సిస్ మొక్కలూ ఉన్నాయి. తల్లి జాతిలో ఉన్న రక్షణ కూతురికి అందలేదు. ఆ జాతిలోని వేల మొక్కల్లో ఆనాడు సంకరంలో పాల్గొన్నది ఒక్కటే కదా, దాని దగ్గర ఉన్నదే వంశానికి దక్కింది.

మూసుకుపోయిన ఆ దారిని మనుషులు ఒకసారి బలవంతంగా తెరిచారు. 1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్మార్ట్, గ్రెగరీ కలిసి సాగు వేరుశనగను అరాకిస్ కార్డెనాసి అనే అడవి జాతితో కలిపారు. అనుకున్నట్టే 30 క్రోమోజోముల గొడ్డు మొక్క వచ్చింది. కోల్చిసిన్ మందుతో వాటిని 60 చేశారు. తర్వాతి తరాల్లో అదనపు క్రోమోజోములు ఒక్కొక్కటే జారిపోయి సంఖ్య 40కి వచ్చింది. పోతూ పోతూ అవి తమ ముక్కలు కొన్ని సాగు క్రోమోజోముల్లో వదిలి వెళ్లాయి. తుప్పు తెగులును, తిక్క ఆకుమచ్చను తట్టుకునే జన్యువులు ఆ ముక్కల్లో ఉన్నాయి. ఆ మొక్కల సంతానం పటాన్‌చెరుకు వచ్చి, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 2021లో బెర్టియోలి బృందం జీనోమ్‌ల సాయంతో ఆనవాలు పట్టి చూస్తే ముప్పై దేశాల రకాల్లో కార్డెనాసి ముక్కలు కనిపించాయి. ధార్వాడ రకం జీపీబీడీ-4 వాటిలో ఒకటి.

మన జిల్లా కోసం, ముఖ్యంగా మెట్ట రైతుల చేలల్లోనే పరీక్షించి ఎంపిక చేసిన ఐసీజీవీ 91114 అనే రకం 2006లో విడుదలైంది. ఇక్రిశాట్ వాళ్లు జీపీబీడీ-4 నుంచి తుప్పు తెగులు ముక్కను, డీఎన్ఏ గుర్తుల ఆధారంగా తరతరమూ వడపోస్తూ, ఈ 91114లోకీ జేఎల్-24లోకీ ఎక్కించారు. కరువు విషయంలో మాత్రం ఇలాంటి ఒక్క ముక్క, ఒక్క జన్యువు లేదు. 91114 కరువును తట్టుకునేది చాలావరకు తొందరగా కోతకు రావడం వల్ల, సెప్టెంబరు ఎండు కాలం ముదిరేలోపు కాయ ఊరించుకోవడం వల్ల. కరువు జన్యువు దొరికిందని రెండేళ్లకోసారి వార్తలు రాసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే బాగుండు.

కార్డెనాసి గింజల్ని బొలీవియా నుంచి సేకరించిన రోజుల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1993లో అమల్లోకి వచ్చిన జీవవైవిధ్య ఒప్పందం తర్వాత జన్యు సంపద మీద ఆయా దేశాలకు హక్కు వచ్చింది, అది న్యాయమే. కాని ఒప్పందాల మీద ఒప్పందాలు పడి ఇప్పుడు గుప్పెడు అడవి గింజలు సరిహద్దు దాటడం గగనమైంది. బొలీవియా వాటా ఇంతవరకు ఎవరూ లెక్కకట్టింది లేదు, కొత్త గింజలు రావడమూ మందగించింది. పటాన్‌చెరు విత్తన బ్యాంకులో సుమారు 15,000 వేరుశనగ నమూనాలున్నాయి. వాటిలో అడవి జాతులవి కొన్ని వందలే. అనంతపురం రాబోయే తెగుళ్లకు, ముదురుతున్న ఎండలకు మందు వెతుక్కోవాల్సింది ముందుగా ఆ కొన్ని వందల్లోనే.

(వచ్చే భాగం: మద్రాసు రేవు నుంచి మార్సెయ్ నూనె మిల్లులకు)